జనవరిలో వంచాల్సిన కొమ్మ

ఉదయం ఆరున్నర. సన్నగా వాన. జులై మొదటి వారం. ముసురు పట్టి అప్పటికి పన్నెండు రోజులు.

యసుయో చూరు కింద తిరుగుడు బల్ల మీద చిన్నదాన్ని పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో పైన్ చెట్లు మూడు వందలకు పైనే ఉన్నాయి. పెరట్లో చెక్క బల్లల మీద వరసగా కొన్ని, వెనక మడుల్లో ఇంకా కుండీ ఎరగనివి కొన్ని. కానీ ‘చిన్నది’ అంటే ఒక్కటే. ఎత్తు మూడు జానెలు. వయసు నూటపది.

అది మొగ్గల కోత వారం. వసంతంలో లేచిన లేత మొగ్గలు కొవ్వొత్తుల్లా నిలబడి ఉంటాయి. వాటిని మొదలంటా కోస్తే మళ్ళీ చిన్న మొగ్గలు వేసి పొట్టి ఆకులు తొడుగుతాయి. నీరసంగా ఉన్నవి ముందు కోయాలి, బలంగా ఉన్నవి వారం ఆగి. అప్పుడే ఆకులు రాలే కాలానికి అన్నీ ఒక్క ఎత్తుకు వస్తాయి. నీరసపువి పోయిన వారమే అయిపోయాయి. ఇవాళ బలమైన వాటి వంతు.

కత్తెర ఆడిన ప్రతిసారీ నాలుగు కిలోమీటర్ల అవతల, సముద్రం వైపు కనుమ దారిలో, ఊరంతా ‘పెద్దది’ అనే పైన్ మాను రెమ్మ ఒకటి తెగి రోడ్డు మీద పడుతుంది.

పెద్దదాని కాయలోంచి రాలిన గింజే చిన్నది. మామగారు తొకుజి నాయనమ్మ తెచ్చి నాటింది. దీనికి ఏం చేస్తే దానికి అదే జరుగుతుంది. దాని మీద మంచు పేరుకుంటే ఇక్కడ దీని కొమ్మ వంగుతుంది. అందుకని కోతకు ముందు ఊరి ప్రకటనల బోర్డుకు యసుయో కాగితం అంటించాలి. ‘జులై ఐదు, మొగ్గల కోత. పెద్దదాని కింద బండ్లు ఆపవద్దు.’ ఆ రోజు ఊడవడానికి మున్సిపల్ ఆఫీసు ఒక మనిషిని పంపుతుంది. రెమ్మలు తీగలకు తగులుతుంటే కరెంటు వాళ్ళు ఫోన్ చేస్తారు, మర్యాదగానే.

"ఆ పైది వదిలేశావు," అన్నాడు మామగారు తొకుజి, టీ కప్పు రెండు చేతులా పట్టుకుని.

"చూశాను మామయ్యా."

"చూస్తే కొయ్యాలి."

"కోస్తాను."

ఆయనకు డెబ్భై ఎనిమిది. చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర ముట్టుకోలేదు. ఆరేళ్ళయింది. అప్పట్నుంచి నోటితో కోస్తున్నాడని ఊళ్ళో అంటారు.

"తాతా, అది ఇవాళ కూడా టాక్సీ పిలుస్తోంది," అంది చినాత్సు, బండిలోకి పాత దుప్పట్లు వేస్తూ. యసుయో కూతురు. ఇరవై ఏళ్ళు.

అన్నది మొదటి కొమ్మ గురించి. అన్నింటికంటే కిందది, అన్నింటికంటే పొడుగుది. ముసలి పైన్‌కి ఆ కొమ్మ కిందికి వాలి ఉండాలి. దీనికి మాత్రం పైకి లేచి ఉంది. పదకొండేళ్ళ కింద కనుమ దారిలో ఎత్తు బస్సులు వేశారు. పెద్దదాని కొమ్మ బస్సు నెత్తికి రాసుకుంటోందని ఆఫీసు వాళ్ళు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చారు. తొకుజి రాగి తీగ చుట్టి, చలికాలానికి వేలెడు మందం చొప్పున, నాలుగు చలికాలాలు పైకి వంచాడు. ఆ తరవాత ఎక్కేవాళ్ళు లేక బస్సే ఆపేశారు. కొమ్మ అలాగే ఉండిపోయింది.

"ఆఫీసు నుంచి దించమని మాట రాలేదు," అన్నాడు తొకుజి.

"బస్సే లేదు తాతా. మాట ఎవరు తెస్తారు?"

"సరేలే. జనవరిలో వేలెడు దించుదాం అన్నానుగా. జనవరిలో." చివరి మాట కోడలి వైపు తిరిగి అన్నాడు.

యసుయో తల ఊపింది.

చిన్నది వచ్చే ఏడాది నవంబరులో క్యోటో ప్రదర్శనకు వెళ్తోంది. ఆ ఇంటి నుంచి ఇంతకుముందు రెండు చెట్లు వెళ్ళాయి. దరఖాస్తులో ‘రూపమిచ్చినవారు’ అని ఒక గడి ఉంటుంది. రెండుసార్లూ అందులో మగవాళ్ళ పేర్లే రాశారు. ఈసారి తొకుజి కుంచె తీసుకుని, వణికే చేత్తో, ‘యసుయో’ అని రాశాడు. రాసి ఆరడానికి బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళాడు. అది చూసి ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

ఇవాళ తాతా మనవరాలూ కనుమ అవతల కుండీలు చేసే ముసలాయన దగ్గరికి వెళ్తున్నారు. చిన్నదాని కోసం చేయించిన కుండీ తయారైంది. వాన పెరిగేలా ఉంది, రేపు వెళ్ళండి అని యసుయో నోటిదాకా వచ్చింది. కానీ ఆ కుండీ చూడాలని ఆమెకూ ఉంది. అనలేదు.

"మధ్యాహ్నానికి వచ్చేస్తాం అమ్మా," అని చినాత్సు బండి తీసింది.

పదింటికి భర్త హిదెనోరి అగ్నిమాపక దళం కోటు తగిలించుకుని వెళ్ళాడు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆ దళంలో ఉన్నవాళ్ళే. వాగు గట్టుకు ఇసుక బస్తాలు వేయాలన్నారు.

రెండింటికి వాన మారింది. చూరు మీద చప్పుడుకు పక్క మాట వినపడడం లేదు. పక్కింటి మసుకో గొడుగు ఉండి కూడా తడిసిపోయి, ఏప్రన్‌లో నాలుగు వంకాయలు వేసుకుని వచ్చింది. ఆమెకు డెబ్భై దాటాయి.

"ఇంత వానలో కోతేమిటి అమ్మాయ్? చెట్టు వానలో పారిపోదులే."

"కాగితం అంటించేశాను పిన్నిగారూ. అంటించాక మార్చకూడదు కదా. ఆఫీసు మనిషి..."

అని ఆగింది. ఆఫీసు మనిషి కుబొతా. ఇవాళ కోత అని రాసింది కాబట్టి ఈ వానలో పైన కనుమలో చీపురు పట్టుకుని ఉంటాడు. వాన పెరిగిందని తను కత్తెర ఆపితే చాలదు, వెళ్ళి కాగితం చింపాలి. చింపలేదు.

ఫోన్ మోగింది.

"అమ్మా."

"ఎక్కడున్నారు?"

"పెద్దదాని కిందే. ముందు కొండ జారింది. వెనక్కి తిప్పేలోపు వెనకా జారింది. బండి కింద రోడ్డు దిగుతోంది. మెల్లగానే." చెట్లకు నీళ్ళు పోశానని చెప్పే గొంతుతోనే చెప్పింది. "తాత ఉన్నాడు. కుబొతాగారు కూడా. ఊడుస్తూ తడిసిపోతుంటే ఎక్కించుకున్నాం. ముగ్గురం బండి నెత్తిన నిలబడ్డాం."

"నాన్నకు చెప్పావా?"

"చెప్పాను. వాళ్ళు మట్టికి అవతల ఉన్నారు. గంట పడుతుందట." కొంచెం ఆగింది. "గంట ఉండదమ్మా ఈ రోడ్డు."

యసుయో చిన్నదాని వైపు తిరిగింది.

"అమ్మా, చిన్నది బల్ల మీదే ఉందా?"

"ఉంది."

"మొదటి కొమ్మ సరిగ్గా మా నెత్తి మీద ఉంది. చెయ్యెత్తితే ఇంకా మనిషెత్తు పైన. అది అందితే మాను దాకా పాకుతాం. మాను బండరాయి మీద ఉంది, రాయి కదల్లేదు. దించు."

వెనక నుంచి తొకుజి కేక వినపడింది. "వద్దను! వానాకాలంలో వంచకూడదని చెప్పు! చెట్టు నిండా నీరుంటుంది, బెరడు ఊడిపోతుంది! జనవరిలో అనుకున్నాం!"

"తాతా, జనవరికి మనం ఉండాలిగా."

"నూటపదేళ్ళ చెట్టు! నా నాయనమ్మ—"

"మామయ్యా," అంది యసుయో, ఆయనకు వినపడేంత గట్టిగా. "మీరు ఊరుకోండి."

ఇరవై ఆరేళ్ళలో ఆమె ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు. ఫోన్లో కుబొతా నవ్వు. "ఇవాళ్టికి వినండి తొకుజిగారూ, పరవాలేదు. ఇంట్లో నేను రోజూ వింటాను."

యసుయో అప్పటికే లేచింది.

చలికాలంలో అయితే నార గంటసేపు నానబెడతారు. మెత్తబడ్డాక కొమ్మకు గట్టిగా చుడతారు, వంచేటప్పుడు బెరడు చిట్లకుండా. నానబెట్టే వ్యవధి లేదు. నెత్తికి కట్టుకున్న నూలు గుడ్డ విప్పి, పళ్ళతో పట్టి చీలికలు చేసి, వానలో తడిపి చుట్టింది. కొక్కేల జాకీ తెచ్చింది. అరచేతంత ఇనుప వంపు, మధ్యలో మర. ఒక కొక్కెం మాను మొదట్లో, ఒకటి కొమ్మకు తగిలించింది. మసుకో చేతికి ఫోన్ ఇచ్చింది.

"నా చెవి దగ్గర పట్టుకోండి పిన్నిగారూ. ఎత్తండి. ఇంకా."

"ఎత్తాను, ఎత్తాను. నా చెయ్యేమైనా పైన్ కొమ్మటే?"

యసుయో మర పావు చుట్టు తిప్పింది.

బియ్యపు గింజ పొడుగంత ఇక్కడ కదిలితే అక్కడ జానెడు. ఆమె దించాల్సింది నాలుగు వేళ్ళ మందం. మామగారు నాలుగు చలికాలాల్లో చేసిన పని.

"కదిలింది," అంది చినాత్సు.

పది ఊపిరులు లెక్కపెట్టింది. మళ్ళీ పావు. పది ఊపిరులు. పావు.

"నిటారుగా వస్తోందా?"

"కొంచెం సముద్రం వైపు పోతోంది. ఇటు, ఇటు తిప్పు, కొండ వైపు."

ఎడమ చేత్తో కొమ్మ చివర పట్టుకుని తిప్పింది. తిప్పుతూ మర పావు బిగించింది.

పట్‌మని చిన్న చప్పుడు. చీపురు పుల్ల విరిగినట్టు. వెంటనే ఫోన్లో అదే చప్పుడు, కొండ విరిగినట్టు, ఆగకుండా. మసుకో కళ్ళు మూసుకుంది.

యసుయో మర ఆపింది. ఎటు తిప్పితే మంచిదో తెలియలేదు.

అప్పుడు తొకుజి గొంతు వచ్చింది. ఈసారి కేక కాదు. "పైన చిట్లింది, అంతే. లోపలి కర్ర బాగుంది. బొటనవేలు కింద పెట్టమను. మానులోంచి కొమ్మ బయల్దేరే చోట."

"అమ్మా, బొటనవేలు—"

"పెట్టాను."

"ఇప్పుడు పావులో సగం తిప్పమను. ఆగమను. నేను వింటాను." ఆయన తల ఎత్తి పెద్దదాన్ని వింటున్నాడు. కత్తెర వదిలేశాడు గానీ చెవులు వదల్లేదు. "పలకలేదు. ఇంకో సగం."

సగం. ఆగింది. సగం. ఆ ముగ్గురూ అలా పని చేశారు. ముసలాయన వింటున్నాడు, పిల్ల చెబుతోంది, యసుయో తిప్పుతోంది. మధ్యలో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

"అందింది!" అంది చినాత్సు. "చేతికి అందింది. ఇంకొంచెం. తాత ఛాతీ దాకా రావాలి, లేకపోతే ఎక్కలేడు."

"మరి బండి?"

"దాని సంగతి అడక్కు."

సగం. సగం.

"చాలు!"

యసుయో మర వదిలేసింది. బొటనవేలు మాత్రం తియ్యలేదు.

"తాతా, ముందు నువ్వు."

"నువ్వు వెళ్ళు. నేను కుండీ—"

"కుండీ వదులు! కుబొతాగారూ, ఆ కుండీ లాక్కోండి. నడుముకు తాడు కట్టాను తాతా, కాళ్ళు ఇటూ అటూ వేసుకుని పాకు. గుర్రం అనుకో."

యసుయో బొటనవేలి మీద బరువు పడింది. తేలిక బరువు. ఇరవై ఆరేళ్ళు తను వడ్డించిన అన్నం మీద నిలబడిన ఒళ్ళు, ఆ మాత్రం తెలియదా. ఆ బరువు చివర నుంచి మొదలు వైపు జరిగింది. ఆగింది. జరిగింది. మానులోకి వెళ్ళి పోయింది.

"ఒకటి," అంది.

తరవాతిది కుబొతా. బరువైన మనిషి. కొమ్మ మొదట్లో బెరడు నిలువునా చిరిగి, జిగురు కారి వేలికి అంటింది. మసుకో ఫోన్ భుజానికీ చెంపకీ మధ్య ఇరికించి, తన రెండు చేతులు యసుయో చేతి కింద పెట్టింది. "పట్టుకున్నానమ్మాయ్. నువ్వు వణకకు. ఆ కుబొతా ఏం తింటాడో మహానుభావుడు!" బరువు జరిగింది. పోయింది.

"రెండు."

"అమ్మా, నేను వస్తున్నాను. ఫోన్ జేబులో—"

ఏదో పెద్దది జారిన చప్పుడు. ఆ తరవాత ఫోన్లో చప్పుడే లేదు.

కొమ్మ మీద ఏమీ లేదు.

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. తిరుగుడు బల్ల మీద మొగ్గలు తడిసి ఉన్నాయి. యసుయో ఊపిరులు లెక్కపెట్టింది. నాలుగు. ఐదు. ఆరు దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

వేలి మీదికి బరువు వచ్చింది.

పైన కూర్చున్న బరువు కాదు. కింద వేలాడుతున్నది. ఊగుతోంది. మూడు కిలోల రెండు వందల గ్రాముల దగ్గర్నుంచి ఆ బరువు యసుయోకు తెలుసు. నడుము మీద, వీపు మీద, జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళో మోసింది. దాన్ని ఇంకొకరిది అనుకోవడం జరగదు. ఊగి, ఊగి, ఒక కాలు పైన వేసింది. ఆ తరవాత రెండోది. పాకడం మొదలుపెట్టింది. తాత కంటే, కుబొతా కంటే నెమ్మదిగా పాకింది. తొందరపడితే బెరడు జారుతుందని తెలిసిన పిల్ల.

మానులోకి వెళ్ళాక కూడా యసుయో చాలాసేపు వేలు తియ్యలేదు. మసుకోయే తీయించింది, ఒక్కొక్క వేలూ విడదీసి.

నాలుగున్నరకు వాన తగ్గింది. బండరాయి వెనక నుంచి మందిరం మెట్ల దారి ఊళ్ళోకి వస్తుంది. ముందు కుబొతా దిగాడు, తొకుజిని వీపున వేసుకుని, వెనక చినాత్సు. తొకుజి గేటు దగ్గరే దిగిపోయాడు. కాళ్ళు కడుక్కోలేదు. ఎవరితో మాట్లాడలేదు. తిన్నగా చూరు కిందికి వచ్చి చిన్నదాని ముందు నిలబడ్డాడు.

కొమ్మ వాలి ఉంది. ముసలి పైన్‌కి ఎలా ఉండాలో అలా. మొదట్లో వేలెడు పొడుగున బెరడు చిరిగి ఎర్రగా కనపడుతోంది.

"నార లేకుండా చేశావా?"

"నానబెట్టడానికి వ్యవధి లేదు మామయ్యా."

"హూఁ."

చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గుడ్డ చీలికల్ని వేలితో తడిమాడు.

"నాలుగు చలికాలాల పని. అరగంట కూడా పట్టలేదు. చిరిగింది ఒక్క చోటే." మసుకో వైపు తిరిగాడు. "చూశావా? ఒక్క చోటే."

"చూస్తూనే ఉన్నాను, నా చేతులు కింద పెట్టి మరీ. నా పేరు కూడా రాయించు ఆ దరఖాస్తులో."

కొండ జారిందని విని వచ్చిన వాళ్ళందరినీ తొకుజి బల్ల దగ్గరికి పిలిచి చూపించాడు. ప్రాణాలతో బయటపడ్డ సంగతి అడిగితే రెండు ముక్కల్లో చెప్పి, "అది కాదు, ఇది చూడండి," అన్నాడు. "మా కోడలు చేసింది. వానాకాలంలో. నూలు గుడ్డతో." కుండీలు చేసే ముసలాయన దూరపు బంధువు ఒకాయన వచ్చి టోపీ తీసి చెట్టుకు వంగి దణ్ణం పెట్టాడు. తరవాత యసుయోకు పెట్టాడు. ఆమె ఏం చెయ్యాలో తెలియక తనూ వంగింది.

"దరఖాస్తు వెనక్కి తీసుకుందాం," అంది యసుయో, అందరూ వెళ్ళాక. "కొమ్మ బతకదు. చలి మొదలయ్యే లోపే ఎండుతుంది."

"ఎండితే ఎండనీ. బెరడు ఒలిచి తెల్లగా గీకి అలాగే ఉంచుదాం. ఎముకలా నిలబడుతుంది. ఎందుకు ఎండిందని అడిగితే చెబుదాం." తొకుజి కింద కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని. "పదకొండేళ్ళు నేను దాన్ని తప్పుగా ఉంచాను. పేరు నీదే ఉంటుంది."

యసుయో గాయానికి మట్టి ముద్ద పెట్టి, పైన గుడ్డ కట్టింది. మొగ్గలు ఊడ్చింది.

స్నానాల గదిలో చినాత్సు నీళ్ళ కింద చేతులు పెట్టుకుని ఉంది. రెండు అరచేతులూ గీరుకుపోయాయి.

"కుండీ పోయిందమ్మా. భలేగా ఉండేది. నీలం."

"ఊఁ."

"జారాక రెండు చేతులతో దొరకపుచ్చుకున్నాను. నువ్వింకా పట్టుకునే ఉన్నావని తెలుసు. కొమ్మ కొంచెం కూడా లేవలేదు."

యసుయో ఆ చేతులు తీసుకుని మందు రాసింది. అవి తన చేతుల కంటే పెద్దవి, గట్టివి. ఎప్పుడు అంతయ్యాయో చూసుకోలేదు. గుడ్డ చుట్టింది, వేళ్ళు ఆడేలా, మరీ బిగుతు కాకుండా.

"వారం దాకా కత్తెర పట్టకు," అంది.

"మరి మిగతా మొగ్గలు?"

"నోటితో చెప్పు. తాత నేర్పుతాడు."

చినాత్సు నవ్వింది. అప్పుడు యసుయో తడి నేల మీదే కూర్చుండిపోయింది. కూతురు కూడా పక్కన కూర్చుంది.

ఆరింటికి ఇంకా వెలుతురుంది. యసుయో గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. దళం వాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు, నడుం దాకా బురదతో. అందరికంటే వెనక హిదెనోరి. పార భుజాన లేదు, ఎక్కడో పోగొట్టుకున్నాడు. వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఏదో అడగబోయి, లోపలి నుంచి కూతురి గొంతు విని, అడగలేదు.

"కాళ్ళు కడుక్కోండి," అంది.

అతను లోపలికి వెళ్ళాక గేటు పట్టుకుని, వేళ్ళు మడిచింది. మామయ్య. చినాత్సు. కుబొతాగారు, వంటింట్లో రెండో గిన్నె అన్నం తింటున్నాడు. హిదెనోరి. నలుగురు.

మళ్ళీ లెక్కపెట్టింది. నలుగురూ ఉన్నారు.